రెండు కామాల మధ్య

అమలాపురం గడియార స్తంభానికి కాస్త అవతల, మందుల షాపు మేడ మీద, రేకుల కప్పు కింద జెస్సీ ఇంగ్లీషు క్లాసు నడిపేది. ఆమె దగ్గర చేరేవాళ్ళంతా నర్సులు. ఐర్లండు వెళ్ళాలన్నా, ఇంగ్లండు వెళ్ళాలన్నా ముందు ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో ఒక రోగి సంగతంతా వివరిస్తూ డాక్టరుకి ఉత్తరం రాయాలి. ఎంత సన్నటి నరాన్నయినా ఒక్క పోటుకే పట్టుకునే పిల్లలు ఆ ఉత్తరం దగ్గరికొచ్చేసరికి చెమటలు కక్కేవారు. అందులోనూ కామాలంటే మరీ భయం.

ఆ కామాల పాఠం జెస్సీ ఏటేటా ఒకే వాక్యంతో మొదలుపెట్టేది. బోర్డు మీద "మై డాటర్, హూ ఈజ్ ఇన్ థర్డ్ క్లాస్, లవ్స్ జాక్‌ఫ్రూట్" అని రాసేది. కూతురు కెజియా పై తరగతికి వెళ్ళినప్పుడల్లా వాక్యంలో క్లాసు మారేది తప్ప కామాలు కదిలేవి కావు.

"చూడండమ్మా," అనేది. "'హూ'కి ముందు ఒక కామా. ఆ ముక్క అయిపోయేక ఇంకో కామా. ఈ రెండూ ఉన్నాయంటే మధ్యలోది ఊరికే కలిపి చెప్పిన మాటని అర్థం. తీసేసినా నష్టం లేదు. ఎందుకూ? నాకున్నది ఒకర్తే కూతురు కాబట్టి. ఏ కూతురని ఎవరూ అడగరు. ఇప్పుడు ఈ కామాలు చెరిపేస్తాను చూడండి. అర్థం మారిపోయింది. నాకు కూతుళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో థర్డ్ క్లాసు చదివే పిల్లకి పనస తొనలు ఇష్టం. రెండు కామాలు చెరిపేసరికి ఇంట్లో ఇంకో పిల్ల తయారైంది."

అక్కడ అందరూ నవ్వేవారు. ఆ నవ్వు అయ్యాక జెస్సీ కామాలు మళ్ళీ పెట్టేసేది.

"తెలుగులో ఈ పేచీ లేదు. 'మూడో తరగతి చదివే మా అమ్మాయి' అంటాం. ఒకర్తే ఉన్నా అదే మాట, నలుగురున్నా అదే మాట. తెలుగు మనల్ని అడగదు. ఇంగ్లీషు అడుగుతుంది. ఎంతమందని నిలదీసి అడుగుతుంది. దానికి జవాబు కామాతో చెప్పాలి."

ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో ఈ మాటలు. ఒక్కసారైనా గొంతు తడబడలేదే అని తరవాత ఆమెకే ఆశ్చర్యమేసింది.

కెజియాకి ఎనిమిదేళ్ళు. బడి వదిలాక ఆటోలో నేరుగా క్లాసుకే వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని హోంవర్కు చేసుకునేది. అమ్మ పాఠం చెబుతుంటే తలెత్తేది కాదు. కానీ అంతా దాని చెవిన పడుతూనే ఉండేది.

ఆ ఏడు ఆగస్టులో గోదారికి పెద్ద వరద వచ్చింది. లంకల్లో జనాన్ని పడవల మీద తెచ్చి బడుల్లో పెట్టారు. వరద తీశాక కూడా వానలు ఆగలేదు. అలాంటి ఒక సాయంత్రం నర్సులంతా గొడుగులేసుకుని వెళ్ళిపోయాక, జెస్సీ కిటికీ తలుపులు మూస్తుంటే వెనక మార్కరు కీచుమంది. తిరిగి చూస్తే కెజియా కుర్చీ ఎక్కి బోర్డు మీద రాస్తోంది.

"మై సిస్టర్ హూ ఈజ్ వెట్ ఈజ్ సిటింగ్ ఎట్ ది బ్యాక్."

తడిసిన నా సిస్టర్ వెనకాల కూర్చుంది. జెస్సీకి ముందు ముచ్చటేసింది. స్పెల్లింగు ఒక్కటీ తప్పు పోలేదు. పాఠం చెప్పే మనిషి కదా, వాక్యం కనిపిస్తే ముందు దిద్దుబాటు మీదికే పోతుంది చూపు.

"బావుంది. ఒకటే తప్పు. నీకు ఎంతమంది సిస్టర్స్?" అని ఏ నర్సునైనా అడిగినట్టే అడిగింది.

"ఒకర్తే."

"ఒకర్తే అయితే ఏం చెయ్యాలి?"

"కామాలు పెట్టాలి."

జెస్సీ ఎర్ర మార్కరు తీసి 'సిస్టర్' పక్కన ఒకటి, 'వెట్' పక్కన ఒకటి పెట్టింది. అలవాటు పడ్డ చెయ్యి. రెండో కామా తోక కిందికి లాగాక గానీ తనేం చేసిందో తెలియలేదు. కెజియాకి ఒక సిస్టర్ ఉందని, ఒకర్తే ఉందని, ఏ సిస్టరని ఎవరూ అడగక్కర్లేదని తన చేత్తో తనే రాసింది.

"సిస్టర్ అంటే?" అంది మెల్లిగా. "అక్కా, చెల్లా?"

ఇంగ్లీషు అడగని ప్రశ్న అది. తెలుగులో అడక్కుండా కుదరదు.

"అక్క."

"ఎవరు, అల్లవరం పెద్దమ్మ వాళ్ళ అక్కా?"

"కాదు. మన అక్క." కెజియా కుర్చీ దిగి, గొంతు తగ్గించింది. "తడిసిపోయింది కదా. అందుకే ముందుకి రాదు."

జెస్సీ వెనక బెంచీ వైపు చూసింది. బెంచీ మీద కెజియా బ్యాగు, నీళ్ళ సీసా ఉన్నాయి. వాటి పక్కన ఇంకొకరు కూర్చునేంత ఖాళీ ఉంది. దగ్గరికి వెళ్ళి ఆ ఖాళీలో చెయ్యి ఆనించింది. చెక్క చల్లగా, తడిగా తగిలింది. తలెత్తి రేకుల కేసి చూసింది. వర్షాకాలం, పాత రేకులు, కారకుండా ఉంటాయా అనుకుంది. కానీ వెలుతురు తగ్గిపోయింది, ఎక్కణ్ణుంచి కారుతోందో కనపడలేదు. బోర్డు తుడిచి, పిల్లని స్కూటీ ఎక్కించుకుని ఇంటికొచ్చేసింది. దారంతా కెజియా అమ్మ నడుం పట్టుకోకుండా, ముందుకి జరక్కుండా, ఇద్దరి మధ్యా కాస్త ఎడం వదిలి కూర్చుంది.

కెజియాకి ముందు ఆ ఇంట్లో ఒక పిల్ల పుట్టింది. నెలలు నిండాక జెస్సీకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి పిల్లని తీశారు. పిల్ల కాసేపే ఊపిరి పీల్చింది. జెస్సీకి తెలివొచ్చేసరికి రెండు రోజులు గడిచిపోయాయి. "ఆడపిల్లమ్మా, దేవుడు తీసుకున్నాడు" అన్నారు. ఎలా ఉందని అడిగితే మాట తప్పించారు. ఎక్కడ పెట్టారని అడిగితే, "ఇప్పుడవన్నీ తలచుకోకూడదు, పుట్టబోయేవాళ్ళకి మంచిది కాదు" అన్నారు. పాలు ఇంకిపోవడానికి మాత్రలిచ్చారు. ఇంటికొచ్చేసరికి కుట్టించి పెట్టుకున్న చిన్న గౌన్లు ఒక్కటీ లేవు. ఆ తరవాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, జెస్సీ కూడా ఎత్తలేదు. రెండేళ్ళకి కెజియా పుట్టింది. పిల్లలెంతమందండీ అని ఎవరడిగినా "ఒకర్తేనండి" అనడం నోటికి అలవాటైపోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక భర్త శ్యామ్ బాబుని వరండాలోకి పిలిచింది. అతను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాడు. మాట తక్కువ మనిషి.

"కెజియాకి ఎవరైనా చెప్పేరా అండీ?"

దేని గురించో అతను అడగలేదు. అడగకపోవడంతోనే జెస్సీకి తెలిసింది, ఇన్నేళ్ళూ అతని మనసులోనూ అది అలాగే ఉందని.

"నేను చెప్పలేదు. అమ్మ అసలే చెప్పదు. ఎందుకూ?"

జరిగింది చెప్పింది. అతను విని, "పిల్లలన్నాక ఏవో ఊహించుకుంటారు జెస్సీ. బళ్ళో ఎవరికో అక్క ఉండుంటుంది," అన్నాడు. కానీ గొంతులో ఆ మాట మీద నమ్మకం లేదు.

"పాపని ఎక్కడ పెట్టేరండీ?"

"నాకు తెలీదు."

"తెలీదా?"

"నాన్నా, అమ్మా తీసుకెళ్ళేరు. నేను నీ మంచం దగ్గరే ఉండిపోయేను. నువ్వు దక్కుతావో లేదో చెప్పలేమన్నారు డాక్టరుగారు. తరవాత అడుగుదామనుకున్నాను. ఇదిగో అదిగో అనుకుంటుండగానే నాన్న పోయేరు. అమ్మని అడగడానికి నోరు రాలేదు."

ఆ రోజు నించి జెస్సీకి ఇల్లు ఇల్లులా లేదు. స్నానానికి వెళ్ళేటప్పుడు కెజియా రెండు తువ్వాళ్ళు తీసుకెళ్ళేది. అన్నం తినేటప్పుడు ఉన్నట్టుండి పక్కకి తిరిగి, ఏదో విన్నట్టు తల ఊపేది. పిల్ల తల దువ్వబోతే జుట్టులోంచి వరద నీటి వాసన కొట్టేది, ఎర్ర నీళ్ళు ఇంకిపోయాక బురద మీద లేచే వాసన. కుంకుడుకాయ పెట్టి రుద్ది రుద్ది తలంటింది. మర్నాటికి మళ్ళీ అదే వాసన. వంటింట్లో పని చేసుకుంటుంటే వీపు మీద ఎవరి చూపో ఆనినట్టుండేది. గబుక్కున తిరిగితే గుమ్మంలో ఎవరూ ఉండేవారు కాదు. ఎవరూ లేరన్న ఊరట కన్నా, తను తిరగడం ఆలస్యమైందేమో అన్న అనుమానమే ఎక్కువ బాధపెట్టేది.

ఒక సాయంత్రం క్లాసులో వెనక బెంచీ మీద మడత పెట్టిన తువ్వాలు చూసి జెస్సీకి ఓర్పు నశించింది. పిల్ల రెక్క పుచ్చుకుని, "నీకు అక్క లేదు. విన్నావా? లేదు. ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోను," అంది.

కెజియా ఏడవలేదు. బోర్డు కేసి చూసి, "మరి నువ్వే కదా కామాలు పెట్టేవు," అంది.

మర్నాడు కొత్త బ్యాచ్‌కి కామాల పాఠం. జెస్సీ మార్కరు తీసుకుని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. "మై డాటర్" అని రాసింది. కామా పెట్టాల్సిన చోట చెయ్యి ఆగింది. పెట్టబోయింది, మార్కరు మొన బోర్డుకి తగిలింది కూడా. వెనక బెంచీ వైపు చూడకూడదనుకుంది, చూడలేదు. కామా లేకుండానే మిగతా వాక్యం గబగబా రాసేసింది. "మై డాటర్ హూ ఈజ్ ఇన్ థర్డ్ క్లాస్ లవ్స్ జాక్‌ఫ్రూట్."

ముందు వరసలో సాయిదుర్గ అనే అమ్మాయి చెయ్యెత్తింది. పోయిన పరీక్ష తప్పి రెండోసారి చేరింది, పాఠం అంతకుముందే విన్నది.

"మేడమ్, కామాలు మర్చిపోయేరండి."

"మర్చిపోలేదమ్మా."

"అంటే, అవి లేకపోతే మీకు ఇంకో అమ్మాయి కూడా ఉన్నట్టు అర్థమొస్తుంది కదండీ."

"ఆయ్," అంది జెస్సీ. "ఉంది. పెద్దది. పుట్టిన రోజే పోయింది."

పదేళ్ళ నించి నోట రాని మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకి తెలియలేదు. బల్ల పట్టుకుని నిలబడి మిగతా పాఠం చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకే గుర్తు లేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

క్లాసయ్యాక సాయిదుర్గ ఒక్కతే ఆగిపోయింది. అల్లవరం వైపు అమ్మాయి, ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కాన్పుల గదిలో చేస్తోంది.

"నేను అలా అడక్కుండా ఉండాల్సిందండి."

"నువ్వేం తప్పు అడగలేదమ్మా. సరిగ్గానే అడిగేవు."

"చూసేరా అండీ మీరు?"

జెస్సీ తల అడ్డంగా ఊపింది.

సాయిదుర్గ కాసేపు బ్యాగు జిప్పుతో ఆడుతూ నిలబడింది. "మా దగ్గరా జరుగుతుంటాయండి. అలాంటి పిల్లల్ని మేమే తుడిచి, తుండులో చుట్టి ఇంటివాళ్ళ చేతికిస్తాం. తల్లికి ఒకసారి చూపించండి అని నేను అడుగుతానండి. కొందరు పెద్దలు ఒప్పుకోరు. అలా చూడనివాళ్ళు మళ్ళీ వస్తారండి, ఎన్నేళ్ళకో. వచ్చి గుమ్మంలో నిలబడి, నా పిల్ల ఎలా ఉందో మీకేమైనా గుర్తుందా అని అడుగుతారు."

"నువ్వేం చెబుతావు?"

"గుర్తున్నా లేకపోయినా, ఉందనే చెబుతానండి. జుట్టు ఒత్తుగా ఉందని చెబుతాను." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "మీరు ఇంట్లో అడగండి మేడమ్. ఎత్తుకెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది కదండీ."

ఎత్తుకెళ్ళిన మనిషి ఇంట్లోనే ఉంది. అత్తగారు కృపమ్మ ఒకప్పుడు అంగన్‌వాడీ టీచరు. మావగారు యేసురత్నం పోయాక అమలాపురం వచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. రాజోలు దగ్గర గోదారి ఒడ్డున వాళ్ళకి చిన్న కొబ్బరి తోట ఉంది. నెలకోసారి దింపులు చూసుకొస్తానని పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చేది. కాయలు దింపే రోజున మనిషి దగ్గరుండాలి కదా అని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. వరదల తరవాత మాత్రం ఆమె ఒక్కసారీ వెళ్ళలేదు.

జెస్సీ వెళ్ళేసరికి కృపమ్మ పెరటి మెట్ల మీద కూర్చుని చీపురు కోసం కొబ్బరాకు ఈనెలు చీరుతోంది. జెస్సీ పక్కనే కూర్చుంది.

"అత్తయ్యగారూ, పెద్దపిల్లని ఎక్కడ పెట్టేరండీ?"

కత్తి ఆగలేదు. ఒక ఈనె, ఇంకో ఈనె. మూడోది చీరబోయి కృపమ్మ ఆ ఆకు పక్కన పెట్టేసింది.

"ఎప్పుడడుగుతావా అని చూస్తున్నానమ్మా," అంది. "అడగవేమో, ఈ లోగా నేను పోతానేమో అనుకున్నాను."

"మీరు చెప్పొచ్చు కదండీ."

"నీ మొహం చూస్తే ధైర్యం చాలేది కాదు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "పేరు పెట్టలేదు, బాప్తిస్మం అవలేదు. సమాధుల తోటలో చోటిస్తారో లేదోనని మీ మావయ్యగారు ఎవర్నీ అడగలేదు. అడిగి కాదనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. మన తోటలోనే, గోదారి వైపు చివరని, నీడగా ఉంటుందని తవ్వేరు. తుండులో చుట్టి నేనే దింపేను. ఆయన మట్టి వెయ్యలేక పార ఒదిలేసి చెట్టు వెనక్కి వెళ్ళిపోయేరు. మట్టి కూడా నేనే వేసేను."

పక్కన పెట్టిన కొబ్బరాకు జెస్సీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"దింపులు చూడ్డానికి మన గంగబాబు ఉన్నాడు, నేనెందుకమ్మా? నేను నెలనెలా దాని దగ్గరికే వెళ్ళేదాన్ని. కాసేపు కూర్చుని, కలుపు పీకి, ప్రార్థన చేసుకుని వచ్చేసేదాన్ని."

"మరి వరదల తరవాత వెళ్ళడం లేదేమండీ?"

"ఏం చూడ్డానికెళ్ళను? గోదారి కోసేసింది."

వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఇద్దరూ లేవలేదు.

"నీళ్ళు తగ్గేయని తెలిసి వెళ్ళేనమ్మా. ఒడ్డు లేదు. ఆ చివర మూడు వరసల చెట్లు లేవు. అది ఉన్న చోట నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. నీకేమని చెప్పను? పెట్టిన చోటే చెప్పలేదు. పోయిన చోటు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"అది ఎప్పుడండీ?"

కృపమ్మ చెప్పింది. కెజియా బోర్డు మీద ఆ వాక్యం రాసింది ఆ వారంలోనే.

"పిల్లకి మీరు ఏమైనా చెప్పేరా?"

"ఒట్టు. ఒక్క ముక్క చెప్పలేదు." కృపమ్మ గొంతు తగ్గించింది. "నాతో కూడా అందమ్మా. మామ్మా, అక్కకి తువ్వాలు ఇయ్యి, చలేస్తోందంట అని. నేను అడగలేదు, కసరలేదు. తీసి కుర్చీ మీద వేసేను. పొద్దున్న చూస్తే తడిగా ఉంది. వానల్లో ఏ గుడ్డ ఆరుతుందిలే అనుకున్నాను. అలాగని నమ్మేను అని మాత్రం చెప్పలేను."

ఆ శనివారం నలుగురూ కారు మాట్లాడుకుని తోటకి వెళ్ళారు. వాన వెలిసింది గానీ ఆకాశం ఇంకా బరువుగానే ఉంది. తోటలో వరద తెచ్చి పోసిన మేట మీద నడుస్తుంటే కాళ్ళు చీలమండల దాకా దిగిపోతున్నాయి. చెట్ల మొదళ్ళకి మనిషెత్తున బురద గీత. కొంత దూరం వెళ్ళేసరికి తోట ఉన్నట్టుండి ఆగిపోయింది. కత్తితో కోసినట్టు నిట్టనిలువుగా ఒడ్డు. దాంట్లోంచి కొబ్బరి వేళ్ళు కుచ్చులు కుచ్చులుగా గాల్లో వేలాడుతున్నాయి. కింద గోదారి పాయ వశిష్ఠ, చప్పుడు లేకుండా, ఎర్రగా పోతోంది.

కృపమ్మ నీళ్ళలోకి చెయ్యి చూపించింది. "అదిగో, ఆ సుడి ఉంది చూడు. ఆ తిన్నగా."

జెస్సీ చూసింది. చూడ్డానికి ఏమీ లేదు. పదేళ్ళ పాటు నెలకొకసారి ఒక మనిషి వచ్చి కూర్చున్న చోటు, తనకి ఎవరూ చూపించని చోటు, ఇప్పుడు చూపించడానికి కూడా లేని చోటు. ముందుకి ఇంకో అడుగు వేసింది. కాలి కింద మట్టి పెళ్ళ విరిగి నీళ్ళలో పడింది. శ్యామ్ బాబు రెండు చేతులతో పట్టుకుని వెనక్కి లాగాడు.

"కెజియా," అంది జెస్సీ, వెనక్కి తిరక్కుండానే. "అక్క వచ్చిందా మనతో?"

ఆ మాట అడిగినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"రాలేదు," అంది కెజియా. "ఇక్కడికి రానంది. పడుకుంటే కిందికి జారిపోతోందంట."

శ్యామ్ బాబు మొహం పక్కకి తిప్పుకున్నాడు. జెస్సీ అప్పుడు ఏడ్చింది. పెద్దగా ఏమీ కాదు, ఊపిరి అందనట్టు, ఆగి ఆగి. ఏడుపు నెమ్మదించాక, "దాని పేరు మిరియం," అంది. "కడుపులో ఉన్నప్పుడే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

కృపమ్మ ఆ పేరు నోట్లోనే రెండు మూడు సార్లు అనుకుని చూసింది. "బైబిల్లో ఏటి ఒడ్డున రెల్లులో తమ్ముడికి కాపలా నిలబడ్డ పిల్ల పేరు కదమ్మా," అంది.

శ్యామ్ బాబు ఒడ్డు అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. విరిగిన చోట వేళ్ళ మధ్య నించి మట్టి చేత్తోనే పెళ్ళగించి తన రుమాల్లో పోసుకున్నాడు. చెయ్యి గీసుకుని రక్తం వస్తున్నా ఆగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆనాడు రాలేకపోయిన మనిషి కదా, ఏదో ఒకటి తన చేత్తో మోసుకెళ్ళాలి.

అక్కణ్ణుంచి ఊళ్ళో సమాధుల తోటకి వెళ్ళారు. యేసురత్నంగారి సమాధి పక్కన రెండడుగుల జాగా ఉంది. చర్చి అయ్యగారిని పిలిస్తే లుంగీ మీదే వచ్చారు, సంగతి విని మళ్ళీ ఇంటికెళ్ళి తెల్ల పంచె కట్టుకుని బైబిలు పట్టుకుని వచ్చారు. ఆయన ఆ ఊరికి కొత్త.

"పేరు పెట్టని పిల్ల అన్నారు?"

"పెట్టేమండి," అంది జెస్సీ. "మిరియం."

"అయితే ఇంకేంటమ్మా," అన్నారాయన.

శ్యామ్ బాబు గొయ్యి తవ్వాడు. రుమాల్లో మట్టి అందులో పోశారు. కెజియా తన బ్యాగులోంచి పొడి తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, పైన పరిచింది. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే ఆ పేరు మూడు నాలుగు సార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా జెస్సీ తలెత్తి చూసింది. ఇన్నేళ్ళూ తన ఒక్కతి గుండెలోనే ఉన్న పేరు పరాయి గొంతులో అంత మామూలుగా వినపడుతోంది. మట్టి కప్పాక రాయి ఏమైనా వేయిద్దామా, ఏం రాయిద్దాం అని శ్యామ్ బాబు అడిగాడు. పేరొక్కటీ చాలంది జెస్సీ.

ఆ తరవాత కెజియా మళ్ళీ అక్క మాట ఎత్తలేదు. స్నానానికి ఒక్క తువ్వాలే తీసుకెళ్ళేది. జుట్టు కుంకుడుకాయ వాసనే వేసేది. స్కూటీ మీద అమ్మ నడుం గట్టిగా పట్టుకుని, వీపుకి చెంప ఆనించి కూర్చునేది. శ్యామ్ బాబు ఊపిరి పీల్చుకున్నాడు. కృపమ్మ మళ్ళీ నెలనెలా బస్సెక్కడం మొదలుపెట్టింది, ఈసారి ఎక్కడికో చెప్పి. కొన్నిసార్లు జెస్సీ కూడా ఆమెతో వెళ్ళేది.

అందరూ కుదుటపడ్డారు. కుదుటపడనిది జెస్సీ ఒక్కతే. వంటింట్లో ఉండగా గబుక్కున గుమ్మం కేసి తిరిగే అలవాటు పోలేదు. వీపు మీద ఏ చూపూ ఆనడం లేదు, అయినా తిరిగేది. క్లాసు అయిపోయాక వెనక బెంచీ మీద చెయ్యి ఆనించి చూసేది. చెక్క పొడిగా ఉండేది. ఒకప్పుడు భయపెట్టింది ఇప్పుడు లేకుండా పోయి భయపెడుతోంది. ఉన్నన్ని రోజులూ కసిరింది, లేదని చెప్పింది. అదొక్కటీ లోపల గుచ్చుతుండేది.

డిసెంబరు వచ్చింది. మంచు పట్టి పొద్దున్న ఎనిమిదైనా ఎదురింటి కొబ్బరి చెట్లు కనిపించడం లేదు. వరండాలో స్టూలు మీద కెజియాని కూర్చోబెట్టి జడ వేస్తోంది జెస్సీ. పిల్ల ఏదో కూనిరాగం తీస్తోంది. అడగాలని ఎన్ని రోజుల నించో అనుకుంటున్నది అప్పుడు అడిగింది.

"అక్క ఎలా ఉండేది?"

కూనిరాగం ఆగింది. గుర్తు తెచ్చుకుంటున్నట్టు కాళ్ళు ఊపుతూ కూర్చుంది.

"నా కన్నా కొంచెం పొడుగు," అంది. "జడలు లేవు. జుట్టు మొహం మీదికి పడిపోయేది. మామ్మలాగా నుదురు పెద్దది."

"మాట్లాడేదా?"

"నాతోనే. మెల్లిగా."

"నన్ను చూసేదా?"

"నువ్వు అటు తిరిగినప్పుడు చూసేది. నువ్వు పాఠం చెబుతుంటే మొత్తం చూసేది."

"మరి నేను ఇటు తిరిగితే?"

"తల దించేసుకునేది." కెజియా కాళ్ళు ఊపడం ఆపింది. "నువ్వు గుర్తుపట్టవేమో అని."

వీధిలో బడి ఆటో హారన్ మోగింది. మంచులో ఎక్కడుందో కనపడలేదు, మళ్ళీ మోగింది. కెజియా బ్యాగు కోసం చెయ్యి చాపి లేవబోయింది.

"అమ్మా, ఆటో."

"వెళ్ళిపోనీ. నేను దింపుతాను." పిల్ల భుజం మీద చెయ్యి వేసి మళ్ళీ కూర్చోబెట్టింది. "ఇంకా చెప్పు."

అల్లడం అయిపోయిన జడ విప్పేసి, దువ్వెన తీసుకుని, జెస్సీ మళ్ళీ మొదట్నించీ దువ్వసాగింది.